మామయ్య తెచ్చిన ఇంగ్లీషు మాట

నా చిన్నప్పుడు, కార్తీకంలో ఒక సోమవారం, తెల్లవారి ఆరు గంటలకు జరిగింది ఇది. బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున మా ఇల్లు. అప్పటికే నాన్న ఒక్కడే తెప్ప వేసుకుని వేటకు వెళ్ళిపోయాడు. తూర్పున ఆకాశం ఇనుములా నల్లగా ఉంది. గాలి లేదు. గాలివానకు ముందు అలాగే ఉంటుంది, అదే భయం.

మామయ్య తెనాలిలో సైకిల్ షాపులో పనిచేసి, మిస్టేక్ అనే మాట నేర్చుకొచ్చాడు. కూర మాడినా మిస్టేకే, వల చిరిగినా మిస్టేకే. తప్పు అంటే తల దించుకోవాలి. మిస్టేక్ అంటే నవ్వేస్తే సరిపోయేది.

తెప్ప దుంగల్ని సాయంత్రం విప్పి ఆరబెడతారు, పొద్దున్నే మళ్ళీ కడతారు. కట్టే పని మామయ్యది. కట్టినవాడి ముడిని ఎక్కేవాడు లాగి చూడకూడదని మా ఇంటి పట్టింపు. చూస్తే నమ్మకం లేదన్నట్టు. పాత తాడు చీకిపోయిందని నాన్న ముందురోజే కొత్తది కొని, మామయ్య చేతికిచ్చాడు.

ఆ కొత్త తాడు చూరుకే వేలాడుతుండగా అమ్మమ్మ చూసింది. దాన్ని పట్టుకుని ఒడ్డుకు వచ్చింది. వెనకే అమ్మ, నేను.

"ఇదిక్కడే ఉందేంట్రా?"

"మిస్టేకైందే అమ్మా! చూసుకోలా."

అమ్మమ్మ తిట్టలేదు. అదే పాత తాడు మిగిలిన ముక్కతో పొద్దున మామయ్య కట్టి ఉంచిన మా రెండో తెప్పను చూపించింది.

"సరేలే. అదెక్కి పోయి మీ బావని పిల్చుకురా."

మామయ్య నవ్వు ఆగిపోయింది. "ఆ తాడుతోనా?" అన్నాడు.

"తెలియనోడైతే ఈపాటికి ఎక్కేవాడురా. తెలియక చేస్తే మిస్టేకు. నీది కాదు."

మామయ్య ఆ తెప్పకు కొత్త తాడు కట్టుకుని వెళ్ళాడు. ఇంతలో గాలి లేచింది. మధ్యాహ్నానికి నాన్న తెప్ప దుంగ ఒకదాన్ని లాక్కుంటూ తిరిగొచ్చాడు. నాన్న రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు.

నలభై దాటాక రేపల్లెలో రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు దిద్దాను. ఇంగ్లీషులో మొట్టమొదట అడిగి రాయించుకున్నది ఆ మాటే. ఇప్పటికీ నా ముందు ఎవరైనా మిస్టేక్ అంటే, తెలియకా, తెలిసా అని అడుగుతాను. మొండి ముసల్ది అంటారు. అననీ.

ఆ రోజు ఒడ్డున ఉన్నది అమ్మమ్మ, అమ్మ, మామయ్య, నేను. ఇంకెవరూ లేరు. తాడు మాట మా నలుగురిని దాటి బయటికి పోలేదు.