గోంగూర సీసాలో సాలీడు

ఆ రోజుల్లో చేతికి కొత్తగా ఫోను వచ్చిన మా ఈడు వాళ్ళందరికీ, ప్రపంచంలోని జ్ఞానమంతా దాంతోపాటే వచ్చేసిందని గట్టి నమ్మకం. తలనొప్పి వస్తే ముందు ఫోనును అడిగేవాళ్ళం, అది చెప్పిన భయంకరమైన రోగాల్లో మనకు నచ్చింది ఎంచుకుని దిగులుపడేవాళ్ళం. నేనైతే ఆ విద్యలో అందరికన్నా ముందుండేదాన్ని. డిగ్రీ అయిపోగానే శంషాబాద్ విమానాశ్రయం పక్కన ఒక సరుకుల గోదాములో ఉద్యోగం దొరికింది. విదేశాల నుంచి వచ్చిన చెక్కపెట్టెల మీద చిరునామాలు సరిచూడటం నా పని. (మా ఊరు సాతంరాయిలో చుట్టాలకు మాత్రం "ఇంపోర్ట్ల చేస్తున్న" అని చెప్పుకునేదాన్ని. వాళ్ళు ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు.)

మే నెలలో ఒక మధ్యాహ్నం, ఒక పెట్టె వెనక చేయి పెట్టగానే వేలి మీద చురుక్కుమంది. అరచేయంత సాలీడు ఒకటి పెట్టె అంచున, నన్నే చూస్తున్నట్టు నిలబడింది. గోధుమ రంగు, పొడవాటి కాళ్ళు. అక్కడికక్కడే ఫోను తీసి వెతికాను. బొమ్మలు వరసగా వచ్చాయి. నల్లగా మెరుస్తూ పొట్ట మీద ఎర్ర మచ్చ ఉన్నదొకటి, వీపు మీద ఫిడేలు గుర్తు ఉన్నదొకటి, ఒళ్ళంతా నూగుతో కోతిపిల్లలా ఉన్నదొకటి. ముందు మా సాలీడు దేనికీ సరిపోలలేదు. కాస్త తల వంచి చూస్తే ఫిడేలు కనబడింది. ఇంకాస్త వంచితే వీణ కూడా కనబడేదేమో. పెట్టె పరదేశం నుంచి వచ్చింది కాబట్టి, ఇదీ పరదేశపు విషప్పురుగే అని తేల్చుకుని కేక పెట్టాను.

మా పై అధికారి పరుగెత్తుకొచ్చారు. ఆయనది విజయవాడ వైపు. ప్రతిదానికీ పద్ధతి ఉండాలంటారని మేం వెనకాల 'రూల్సు సార్' అనేవాళ్ళం. "కంగారు పడకమ్మా. కుట్టినదాన్ని డాక్టరు గారికి చూపిస్తే గుర్తుపట్టడం తేలిక. ముందు దాన్ని పట్టాలి," అన్నారు. పట్టడానికి మూత ఉన్న పాత్ర కావాలి. ఆయన భోజనం సంచిలో వాళ్ళావిడ పెట్టిన గోంగూర పచ్చడి సీసా తప్ప ఇంకేదీ దొరకలేదు. పారేయడానికి మనసొప్పలేదో ఏమో, పచ్చడంతా నాలుగు ముద్దల్లో మింగేశారు. మనిషి ప్రాణం కోసం మరో మనిషి అంత గోంగూర ఒక్కసారిగా తినడం నేను అంతకుముందు చూడలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగానే సాలీడును సీసాలోకి తోలి, మూతకు చిల్లులు పొడిచి, విషం పైకి ఎక్కకూడదని నా చున్నీతో మణికట్టు దగ్గర బిగించి కట్టారు.

అప్పటికే బాపుకు ఫోన్ చేశాను. మా బాపు ఆకుకూరలు పండించి శంషాబాద్ మార్కెట్లో అమ్మేవాడు. ఇంట్లో ఆయన మాట వినబడటమే అరుదు. అన్నం కావాలంటే కంచం వంక చూసేవాడు, వద్దంటే చేయి అడ్డం పెట్టేవాడు. ఆ రోజు మోపెడ్ మీద వచ్చి, గోదాము గేటు దగ్గర నన్ను చూసి, "ఎక్కు బిడ్డా," అన్నాడు, అంతే. ఆయన కాళ్ళకు చెప్పులు లేవు. పొలంలోంచి అట్లాగే వచ్చేశాడని అప్పుడు అర్థమైంది.

బెంగళూరు రోడ్డు ఎక్కగానే లారీల వరస కదలకుండా ఆగి ఉంది. నేను సీసాను ఎండకు ఎత్తి చూశాను. సాలీడు పొట్ట మీద ఎర్ర మచ్చ! ఫోనులో చూసిన మచ్చే! "బాపూ, ఎర్ర మచ్చ ఉన్నది. నాకు కండ్లు మూతలు పడుతున్నయి," అన్నాను.

బాపు ఒక్కసారిగా వెనక్కి తిరిగాడు. "పండుకోకు బిడ్డా! పురుగు కరిస్తే పండుకోవద్దంటరు. నేను మాట్లాడుత, నువ్వు ఊ కొట్టు. ఇంటున్నవా?"

"ఊ."

"నువ్వు పుట్టిన్నాడు గిట్లనే ఎండ. నర్సమ్మ నిన్ను తెచ్చి చేతులల్ల పెట్టబోయింది. నా చేతులకు మన్ను ఉండె. జర ఆగమ్మా, కడుక్కొని వస్త అని ఉరికిన. వచ్చేసరికి నిన్ను మీ అమ్మమ్మ ఎత్తుకుంది, నాకు ఇయ్యలే. గంటసేపు ఎన్క ఎన్కనే తిరిగిన. ఇంటున్నవా?"

"ఊ."

"కొలువుకు పోయిన మొదటి దినం, నువ్వు బస్సు ఎక్కేదాక నేను ఆ కిరాణా దుకాణం కాడ నిలవడ్డ. నిన్న సుత నిలవడ్డ. నువ్వు సూడలే."

నేను ఊ కొట్టలేకపోయాను. "ఏంది బిడ్డా, పండుకున్నవా?" అని బాపు మళ్ళీ వెనక్కి తిరిగాడు. "లేదు బాపూ, ఇంటున్న," అన్నాను. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. చనిపోతానని కాదు, ఈ మాటలు సగంలో వదిలి పోతానేమోనని.

శంషాబాద్ దవాఖానలో డాక్టరమ్మ ముందు చున్నీ విప్పింది. "చేయి నీలంగా అయింది సాలీడు వల్ల కాదు, ఈ కట్టు వల్ల. ఇట్లా కట్టొద్దు, కోయొద్దు. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెడితే చాలు," అంది. చెమటలు పడుతున్నాయా అని అడిగింది. పడుతున్నాయన్నాను. "మే నెలమ్మా, నాకూ పడుతున్నయి. ఒళ్ళు పట్టేస్తున్నదా? కడుపులో నొప్పి? ఊపిరి?" ఏవీ లేవు. సీసాను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, మూత తీసి వాసన చూసింది. "ఈ ఎర్ర మచ్చ కారం. గోంగూరనా?"

అది ఇళ్ళల్లో బొద్దింకలు తింటూ గోడల మీద తిరిగే పెద్ద సాలీడేనట. పరదేశం నుంచి రాలేదు, మా గోదాములోనే కాపురముంటోంది. కరిస్తే మంట, కాస్త వాపు, అంతే. "మనిషికి ఆపద తెచ్చేవి కొన్నే. కానీ ఫొటో చూసి నువ్వే తేల్చుకోకు. నొప్పి పైకి పాకినా, కండరాలు పట్టినా, ఊపిరి ఆడకపోయినా, కరిచిన చోట నల్లబడి పుండు పెరిగినా వెంటనే రావాలె," అని చెప్పి పంపింది. బాపు బయట గోడ దగ్గర సీసా వంచి, "పో ఇగ, మస్తు పరేషాన్ చేసినవ్," అన్నాడు. సాలీడు గోడెక్కి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బాపు మళ్ళీ మామూలు బాపు అయిపోయాడు. రోడ్డు వంక చూస్తూ బండి తోలుతున్నాడు. నాకు ప్రాణం దక్కింది గానీ ఏదో పోయినట్టే ఉంది. కొంతదూరం ఓర్చుకుని, "బాపూ, నిద్ర వస్తున్నది," అన్నాను.

"రానియ్యి. ఏం గాదన్నది గద డాక్టరమ్మ," అన్నాడు. బండి ఇంకొంచెం ముందుకు పోయింది. ఆయన భుజాలు కదిలాయి, నవ్వాడో ఏమో. "బడికి పోనని ఎడ్లబండి కింద దాసుకున్నవు చూడు, అది చెప్పలే గద..." అని మొదలుపెట్టాడు.

ఇప్పుడు నేనే ఆ గోదాములో పెద్దదాన్ని. కొత్తగా చేరిన పిల్లలు సాలీడును చూసి కేకలు పెడితే, కారం మచ్చను చూసి చావుకు సిద్ధపడిన ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. దానికి లోకజ్ఞానం బొత్తిగా లేదు. కానీ ఆ సాయంత్రం మాటల్లో పడి బాపు సాతంరాయి మలుపు దాటి రాజేంద్రనగర్ వైపు పోతుంటే, ఆ పిల్ల అది చూసి కూడా చెప్పలేదు. ఆయన వీపుకు తల ఆనించి, ఊ కొడుతూ కూర్చుంది.