మా అత్తగారిని రెండుసార్లు పూడ్చారు

మా అత్తగారు పోయిన సంగతి మాకు ఫ్యామిలీ గ్రూపులో తెలిసింది. ఫోన్ చేసి చెప్పినవాళ్ళు లేరు. ఆఫ్రికాలో ఉన్న పెద్దకొడుకు ఆవిడ ఫొటో చుట్టూ నల్ల అంచు వేసి పెట్టాడు. కెనడాలో ఉన్న కూతురు దాని కింద ఏడుపు బొమ్మలు పెట్టింది. అనకాపల్లిలో ఉన్న చిన్నకొడుకు, అంటే మా ఆయన, అచ్యుతాపురం నుంచి కంపెనీ బస్సులో ఇంటికొస్తూ అది చూసుకున్నాడు. వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఏమైందంటే ఫోన్ నా చేతిలో పెట్టాడు. నాకు అరబిక్ సగం సగమే వచ్చు. నల్ల అంచు చదవడానికి ఆ సగం కూడా అక్కర్లేదు.

మా ఆయనది లెబనాన్. దుబాయ్‌లో ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. వాళ్ళ దేశంలో పెళ్ళంటే ఎవరో ఒక మతపెద్ద చెయ్యాల్సిందే, రిజిస్టర్ పెళ్ళి అనేది లేదు. అందుకని అక్కడ వేరే మతాలవాళ్ళు ప్రేమించుకుంటే పక్కనున్న సైప్రస్‌కి విమానమెక్కి, అక్కడ సంతకాలు పెట్టి, ఆ కాగితం పట్టుకొచ్చి కాపురం పెడతారు. పరాయి దేశం కాగితాన్ని మాత్రం వాళ్ళ ప్రభుత్వం కళ్ళకద్దుకుంటుంది. మేమూ అదే చేశాం. తర్వాత దుబాయ్ ఆఫీసు మూతపడింది. లెబనాన్ వెళదామంటే అక్కడి బ్యాంకులు జనం దాచుకున్నదంతా మింగి తలుపులేసుకున్నాయి. అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీకి, అరబ్బు దేశాలకు పంపే కాగితాలు చూసే మనిషి కావలసివచ్చాడు. అలా మేము మా అమ్మ ఉన్న వీధిలోనే వచ్చి పడ్డాం.

వచ్చిన కొత్తలో వీధి చివరింటి పెద్దాయన మా ఆయన్ని కూర్చోబెట్టి కుశలమడిగాడు. దేశం పేరు విన్నాడు, తల ఊపాడు, ఆగలేకపోయాడు.

"బాగుంది బాబూ. మరి మీరేవుట్లు?"

కులం అడుగుతున్నాడని నేను అర్థం చెప్పబోతే మా ఆయన అక్కర్లేదన్నాడు. "మా దగ్గర కాస్త మర్యాదగా అడుగుతారు. మీది ఏ ఊరు అంటారు. ఊరు తెలిస్తే మతం తెలిసిపోతుంది, మతం తెలిస్తే ఎవరికి ఓటేస్తావో తెలిసిపోతుంది." బీరూట్‌లో పుట్టి బీరూట్‌లోనే ముసలైపోయినా అక్కడ ఓటు తాతల ఊళ్ళోనే వెయ్యాలి. పెళ్ళయిన ఆడదాని పేరు మొగుడి ఊరి రిజిస్టరులోకి మారుస్తారు. ఎక్కడ బతికినా లెక్క ఆ ఊరిదే. చచ్చాక చేరాల్సిందీ ఆ ఊరే.

ఆ ఊరికి నేను ఒక్కసారే వెళ్ళాను. సరిహద్దుకి దగ్గర్లో కొండ మీద ఉంటుంది, చుట్టూ పొగాకు చేలు, ఆలివ్ చెట్లు. మా అత్తగారిది పెద్ద నోరు. ఇంత బక్కదాన్ని ఎక్కడ పట్టావురా అని నా ఎదురుగానే కొడుకుని అడిగింది. తిట్టడం ఆపకుండానే పళ్ళెం నింపేది. ఆ ఊళ్ళో బలమున్నది ఒకే పార్టీ. ఏ గోడ చూసినా వాళ్ళ జెండాలు, చనిపోయిన కుర్రాళ్ళ ఫొటోలు. ఆవిడ గోడ మాత్రం ఖాళీ. పోస్టరు అంటించడానికి వచ్చినవాళ్ళ మీద మేడ మీంచి ఇల్లు కడిగిన నీళ్ళు కుమ్మరించిందని ఊరంతా చెప్పుకునేవారు. ఆ పార్టీ మీద పగేం లేదావిడకి. ఇంకో పార్టీవాడొచ్చినా అదే బకెట్టు.

ఓ పొద్దున్న నన్ను శ్మశానానికి తీసుకెళ్ళింది. మామగారి సమాధి పక్కన కాస్త జాగా ఉంది. రాళ్ళు ఏరి, కలుపు పీకి, వాకిలిలా పెట్టుకుంది దాన్ని. అందులో కూర్చుని కాళ్ళు చాపి, "ఇది నాది. బతికున్నన్నాళ్ళూ ఆయన గురక భరించాను. ఇక్కడ హాయిగా పడుకుంటాను" అని నవ్వింది. తర్వాత నవ్వు మానేసి, "నీ మొగుడికి చెప్పు. పెద్దాడు గట్టిగా మాట్లాడతాడు గానీ గట్టివాడు కాదు" అంది. నేను చెప్పాను. అమ్మ నన్ను కోరింది అదొక్కటే అని మా ఆయన ఎన్నిసార్లు అన్నాడో.

మొన్నటి యుద్ధంలో ఆ ఊరు ఖాళీ అయిపోయింది. ఆవిణ్ణి దూరంగా ఒక పట్నంలో, బడిలో ఉంచారు. ఒక్కో తరగతి గదిలో నాలుగేసి కుటుంబాలు. షుగరు మనిషి. ఇన్సులిన్ ఓ రోజు దొరికేది, ఓ రోజు దొరికేది కాదు. ఆవిడ బాంబు పడి పోలేదు. మందు లేక పోయింది.

ఊరికి దారి లేదు. అలాంటప్పుడు అక్కడ ఒక ఆచారం ఉంది. శవాన్ని చెక్కపెట్టెలో పెట్టి, ఉన్నచోటే మట్టికి అప్పగిస్తారు. అది అసలు ఖననం కింద లెక్క కాదు. దారి తెరుచుకున్నాక తీసుకుపోతాం, అందాకా నీ దగ్గర ఉంచమని మట్టికి చెప్పి పెడతారు. బ్యాంకులకి లేని నీతి మట్టికైనా ఉంటుందని వాళ్ళ నమ్మకం కాబోలు. మా ఆయన వెళ్ళలేకపోయాడు. వీసా రెన్యువల్‌కి ఇచ్చి ఉంది, ఇప్పుడు దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో చెప్పే నాథుడు లేడు.

వాళ్ళలో చావింటికి వచ్చినవాళ్ళకి పంచదార లేని కాఫీ ఇస్తారు. మూడు రోజులు మా వరండాలో కుర్చీలు వేసుకుని ఆయన కూర్చున్నాడు, నేను చిన్న కప్పుల్లో ఆ నల్లటి చేదు పోసి అందించాను. బెల్లం అమ్ముకుని బతికే ఊరు మాది. ఒక గుటక వేసి అందరూ నా మొహం చూసేవారు. పక్కింటావిడ అయితే "పంచదార మర్సిపోయేవేటే తల్లీ?" అని తనే మా వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చింది. ఆచారమని చెప్పాక డబ్బా కింద పెట్టి, మొహం చిట్లించుకుంటూ చివరిదాకా తాగింది.

"మీ అమ్మకి ఏటైంది బాబూ?" అని అడిగింది.

షుగరు, మందు దొరకలేదు అని చెప్పాడు.

"ఓలమ్మా! నువ్వు మందుల కంపినీలో పని సేత్తా..." అని మధ్యలో ఆగిపోయింది. ఆ మాటకి మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. అయినా నాకు ఆవిడ మీద కోపం రాలేదు. అంత పెద్ద గ్రూపులో ఇన్ని దేశాల బంధువులుండగా, మా అత్తగారు ఎలా పోయిందని అడిగింది మా పక్కింటావిడ ఒక్కతే.

గ్రూపులో వాళ్ళకి వేరే పని ఉంది. మా బావగారికి, అంటే మా ఆయన అన్నకి, ఆఫ్రికాలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ. అక్కడి లెబనాన్‌వాళ్ళలో పెద్దమనిషి. పార్టీ అంటే ప్రాణం. ఆయన పిల్లలకి ఆ ఊరి దారి కూడా తెలీదు. కెనడాలో ఉన్న మా ఆడపడుచుకి అదే పార్టీ అంటే ఒళ్ళుమంట. దేశాన్ని తగలేసింది వాళ్ళేనని మూరెడు మూరెడు రాసేది. తల్లి చావుని చెరోవైపు పట్టుకుని లాగారు ఇద్దరూ. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. కాకంటే పరాయిది, వీళ్ళు కన్నబిడ్డలు. దేశానికి ఎంత దూరంలో ఉంటే అంత గొంతు లేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. కరెంటు పోయేది వాళ్ళింట్లో కాదు, చెక్కపెట్టె మొయ్యాల్సిన భుజం వాళ్ళది కాదు.

కాల్పులు ఆగాక ఊరికి దారి తెరిచారు. బావగారు గ్రూపులో రాశాడు. ఊరి శవాలన్నిటినీ పార్టీ ఒకేరోజు తీసుకొస్తుందట. ఊరేగింపు ఉంటుందట. అమ్మ పేరు అమరుల్లో రాయించాడట, అమరుల స్థలంలో పెడతారట. ఆ స్థలం ఊరికి ఈ కొసన కొత్తగా చదును చేసింది. మామగారున్న పాత శ్మశానం ఆ కొసన.

మా ఆయన వెంటనే అన్నకి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నేనూ విన్నాను.

"అమ్మ నాన్న పక్కనే ఉంటానంది."

"నువ్వక్కడ లేవు. అక్కడి సంగతులు నీకు తెలియవు" అన్నాడు బావగారు, ఆఫ్రికాలో కూర్చుని.

"అమ్మ షుగరుతో పోయింది."

"యుద్ధంలో పోయింది. అమ్మకి గౌరవం దక్కుతుంటే నీకేం బాధ? ఇక్కడ అందరికీ చెప్పేశాను కూడా."

అసలు సంగతి ఆఖరి మాటలో ఉంది. అక్కడ ఆయన పరువు అమ్మ పడుకునే చోటుని బట్టి పెరుగుతుంది. ఆడపడుచైనా అడ్డుపడుతుందనుకున్నాం. ఇది రాజకీయాలు మాట్లాడే సమయం కాదని రాసి ఊరుకుంది. ఇన్నాళ్ళూ మాట్లాడిందేమిటో మరి!

ఆ రోజు మా ఆయన మా అమ్మ దగ్గర కూర్చుని ఇదంతా చెప్పుకున్నాడు. ఆయన తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నదే, అచ్చం అమ్మలాగే మాట్లాడతాడు. అమ్మ ఆయనకి మా నాన్న చావు సంగతి చెప్పింది. మా నాన్న చెరుకు రైతు. ఏ పార్టీ మీటింగు పెట్టినా వెళ్ళేవాడు, ఎవరు పెట్టిన బిర్యానీ అయినా తినేవాడు. పోయినరోజు రెండు పార్టీలవాళ్ళూ జెండాలు పట్టుకొచ్చారు, శవం మీద కప్పడానికి.

"ఆయనకి సలేత్తందని ఎవుడు సెప్పేడు, అట్టుకుపోండి మీ గుడ్డలు, అనీసేను" అంది అమ్మ.

"ఎళ్ళిపోయేరా అత్తా?"

"నానక్కడే కూకున్నాను కదా బాబూ. ఎళ్ళక సత్తారేటి?"

అమ్మ ధైర్యం చెప్పాలనే చెప్పింది. ఆయనకి మాత్రం అక్కడ కూర్చోలేకపోయిన సంగతే మళ్ళీ గుచ్చుకుంది.

ఊళ్ళో ఏర్పాట్లు చూస్తున్నది వరసకు తమ్ముడు ఒకతను. మా ఆయన అతనికి ఫోన్ చేసి బతిమాలాడు. అమ్మని పాత శ్మశానానికి తీసుకెళ్ళు, జెండా వద్దు, నలుగురు చాలు అన్నాడు. అతను "చూస్తాను" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఆయన వారమంతా బతికాడు. గడ్డం గీసుకున్నాడు. అన్నం తిన్నాడు. చూస్తానన్నవాడు చెయ్యడని నాకు తెలుసు, మన ఊళ్ళో పంచాయితీ ఆఫీసుకి తిరిగినవాళ్ళందరికీ తెలుసు. అయినా నోరు మూసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్. మూడు ఖండాల నుంచి అందరం ఉన్నాం. ఫోన్ పట్టుకున్నది ఆ తమ్ముడే. ఇళ్ళు కూలిన వీధిలో లారీ మీద పెట్టెలు, అన్నిటి మీదా ఒకే జెండా. మైకులో ఎవరో అరుస్తున్నారు. ఒక్కో పెట్టెకీ ఒక ఫొటో. మా అత్తగారి ఫొటో నాతో కలిసి తీయించుకున్నది, నన్ను కత్తిరించేశారు. పక్కన నా భుజం ముక్క మిగిలిపోయింది. లారీ పాత శ్మశానం వైపు తిరగలేదు.

"ఆ గుడ్డ తియ్యి" అన్నాడు మా ఆయన. "తీసి, అమ్మని నాన్న దగ్గరికి తీసుకెళ్ళు."

తమ్ముడు ఫోన్ తన మొహం వైపు తిప్పుకున్నాడు. కోపంగా లేడు. అలిసిపోయి ఉన్నాడు, గడ్డం నిండా దుమ్ము.

"నువ్వొచ్చి తియ్యి" అన్నాడు.

మా ఆయన కేకలు మొదలుపెట్టాడు. బావగారు ఆఫ్రికా నుంచి ఆయన్ని మ్యూట్‌లో పెట్టేశాడు. ఆ కేకలు మా హాల్లో వినబడ్డాయి, వీధిలోకి వినబడ్డాయి, పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వినాల్సినవాళ్ళకి మాత్రం వినబడలేదు. ఆయన నోరు తెరిచి మూయడం చూస్తూనే వాళ్ళు పెట్టెని దింపారు. మట్టి పూర్తిగా వెయ్యకముందే ఆడపడుచు ఆ ఫొటోని లోకానికంతటికీ పెట్టి, అమరురాలైన మా అమ్మ అని రాసింది. నాకు ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది.

మా అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అల్లుడి పక్కన నేల మీద కూర్చుంది.

"మట్టేసీసేరా బాబూ?"

"ఏసీసేరత్తా."

"మీ నాయిన పక్కనే ఎట్టేరా?"

మా ఆయన ఫోన్ బోర్లించి కింద పెట్టాడు.

"నేదత్తా. ఆళ్ళ మనిషిని ఎవుర్నో ఎట్టుకున్నారు. మాయమ్మ ఇంకా ఊరు రానేదు."