మామిడితోపులో పెరిగిన గొంతు

“మీ గొంతు కావాలమ్మా” అన్నాడు ఋత్విక్.

మోహన చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. నలభై రెండేళ్ళుగా స్టేజీ ఎక్కుతోంది, ముప్పై ఒక్క ఏళ్ళుగా కెమెరా ముందు నిలబడుతోంది. ఈ మాట సినిమావాళ్ళ నోట ఒక్కనాడూ వినలేదు. ఆర్నెల్ల కిందట ఇదే కుర్ర డైరెక్టరు ఎదుట, చిత్తూరు పల్లెలో మామిడితోపు పోగొట్టుకున్న తల్లి వేషానికి మాటలు చెప్పి చూపించింది. చెబుతుంటే అతని ఆఫీసులో ఫ్యాన్లు తుడుస్తున్నవాడు నిచ్చెన మీదే ఆగిపోయాడు. వేషం తనదే అనుకుంది. ఆ తర్వాత కబురు లేదు. ఇవాళ తిరుచానూరు రోడ్డులో సందులు వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు.

“షూటింగు ఎప్పుడు నాయనా?” అంది.

ఋత్విక్ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. “షూటింగు అయిపోయిందమ్మా. వేషం రూపశ్రీ గారు వేశారు. ఓటీటీ వాళ్ళు తెలిసిన మొహం కావాలన్నారు. కానీ ఆమెకు చిత్తూరు యాస రాలేదు. మీరు డబ్బింగు చెబితే బాగుంటుందని...”

మోహనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అంటే, మొగం ఆమెది, గొంతు నాది. ముప్పై యేండ్లు నా మొగం తీసుకొని గొంతు బైట పారేసినారు. ఇప్పుడు గొంతు తీసుకొని మొగం బైట పెడతారా? ముక్కలు కోసి అమ్ముకునేదానికి నేనేమన్నా మేకనా అప్పా? లేయ్. చెప్పులు వాకిట్లో ఉండాయి, ఏసుకో.”

ఋత్విక్ పోయాడు. లోపలి గదిలో మంచం కిర్రుమంది. “ఎవురు మే వొచ్చింది? అంత గట్టిగా పాడతాండావు” అన్నాడు తండ్రి ఏకాంబరం.

“పాడలేదు నాయనా. తిట్టినా.”

“నాకు రెండూ ఒకటిగానే ఇనపడతాండాయి” అన్నాడు ముసలాయన. ఎనభై నాలుగేళ్ళు వచ్చినా ఎత్తిపొడుపు మాత్రం ముసలిది కాలేదు.

అసలు ఆ గొంతు ఆమెకు ఇచ్చిందే ఏకాంబరం. పెనుమూరు దగ్గరి పల్లెలో ఆయనకు నాలుగెకరాల మామిడితోపు ఉండేది. బెంగళూరా, నీలం కాయలు. ఎండాకాలం చిలకలు మందలుగా పడేవి. తోలే పని ఎనిమిదేళ్ళ మోహనది. “ఊరికే అరిస్తే గొంతు బొంగురుపోతాది. పద్యం ఎత్తు” అనేవాడు. ఆ ఊరి పౌరాణిక నాటకాల్లో రాజు వేషం ఎప్పుడూ ఆయనదే. తనకు వచ్చిన పద్యాలన్నీ కూతురికి నేర్పాడు. చిలకలు లేచిపోయేవి, దోవన పోయేవాళ్ళు నిలబడేవాళ్ళు.

ముఖ్యంగా ఊపిరి నేర్పాడు. “ఊపిరంటే నిండు కుండ మే. మాట ఇంటికి చేరేదాకా నడిదోవలో దించగూడదు. ఎవురి ఊపిరి వాళ్ళే మోసుకోవాల” అనేవాడు. సరిగ్గా పట్టకపోతే మామిడి రెమ్మతో మోకాలి మీద ఒకటి వేసేవాడు.

సరే, ఇంత నేర్పిన మనిషి ఏం చేశాడో వినండి. మోహనకు పదిహేడేళ్ళప్పుడు ఊళ్ళో నాటకం పెట్టారు. తల్లి వేషానికి గూడూరు నుంచి రావలసిన నటికి రైలు తప్పిపోయింది. గోల చేస్తున్న జనాన్ని చూసి పెద్దలు హడలిపోయి, తెర వెనక కూర్చున్న మోహన జుట్టుకు తెల్ల పౌడరు పూసి తోసేశారు. రాజు వేషంలో ఉన్న తండ్రికి కూతురు తల్లిగా వచ్చింది. మొదటి పద్యానికే జనం ఈలలు వేశారు. ఏకాంబరం కిరీటం కింద మొహం నల్లబడింది గానీ, నాటకం చెడగొట్టలేక కూతురి కాళ్ళకు దండం పెట్టి “అమ్మా” అన్నాడు.

ఇంటికి వచ్చాక మాత్రం ఆ దండం బాకీ వడ్డీతో సహా తీర్చుకున్నాడు. వాకిట్లో నిలబెట్టి బెల్టుతో బాదాడు. “నా ఇంటి ఆడది రంగు పూసుకుంటాదా?” అని అరిచాడు. పాతికేళ్ళుగా పరాయి ఇంటి ఆడవాళ్ళ పక్కన రంగు పూసుకొని పద్యాలు పాడిన మనిషి! తల్లి దేవకమ్మ అడ్డం పడితే ఆమెకూ తగిలింది. తెల్లారేసరికి మోహన మొదటి బస్సెక్కి చిత్తూరు పోయింది. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె ఆడిన ఒక్క నాటకానికీ రాలేదు.

చిత్తూరులో హార్మోనియం వాయించే ఆదిమూలం ఆమెను నాటకాలకు పంపించేవాడు. ఈ పల్లె నాటకాల సంగతి బయటివాళ్ళకు తెలియదు. అందులో రాజులు, మంత్రులు, విలన్లు అందరూ ఊరి ఆసాములే. చందాలు వేసుకొని, సొంత డబ్బుతో వేషాలు కొనుక్కుంటారు. కూలి తీసుకొని ఆడేది బయటి నుంచి వచ్చిన నటి ఒక్కతే. ఒక్క నటితోనే మూడు వేషాలు వేయిస్తారు. మోహన రాణిగా వచ్చేది, చీర మార్చి దాసిగా వచ్చేది, నెత్తికి పౌడరు కొట్టుకొని ముసలితల్లిగా వచ్చేది. చీర మార్చుకునే టైము లేకపోతే గొంతు మార్చుకునేది. చీకట్లో కూర్చున్న ముసలమ్మలు ముగ్గురు వచ్చారనే అనుకునేవాళ్ళు.

కూలి ఇచ్చాం కాబట్టి మనిషినే కొన్నాం అనుకునే వెధవలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పాలసముద్రం వైపు ఒక ఊళ్ళో, నిండుకొలువులో రాణిని జుట్టు పట్టి ఈడ్చే సీనులో, వేషం కొనుక్కున్న ఒక ఆసామి నిజంగానే ఈడ్చాడు. రిహార్సల్లో లేని చోట చెయ్యి వేశాడు. మోహన పద్యం ఆపలేదు. పద్యం నడుస్తుండగానే చెంప ఛెళ్ళుమనిపించింది. కిరీటం దొర్లుకుంటూ పోయి ఆదిమూలం హార్మోనియానికి తగిలింది. జనం లేచి నిలబడి “వన్స్ మోర్!” అని అరిచారు. మోహన రెండో చెంప కూడా చూసుకుంది. ఆ తర్వాత రెండేళ్ళు ఆ వైపు ఊళ్ళవాళ్ళు ఆమెను పిలవలేదు. పిలవకపోతే పోయారు, మట్టికొట్టుకుపోనీ అంది.

సినిమా వచ్చింది ఇరవై ఎనిమిదో ఏట. చంద్రగిరిలో షూటింగు. హీరోకు తల్లి వేషం. ఆ హీరో ఆమె కంటే ఆరేళ్ళు పెద్ద! అయినా ఒప్పుకుంది. నాలుగు సీన్లలో ఏడిపించి వదిలిపెట్టింది, కెమెరా తోసేవాడు కళ్ళు తుడుచుకున్నాడు. తీరా డబ్బింగు దగ్గరికి వచ్చేసరికి డైరెక్టరు నవ్వాడు. “నీ యాస రౌడీలకు బాగుంటుందమ్మా. తల్లికి పనికిరాదు” అన్నాడు.

తల్లికి పనికిరాదట! చిత్తూరు జిల్లాలో బిడ్డల్ని కనేవాళ్ళు ఏ యాసలో జోల పాడతారనుకున్నాడో ఆ మహానుభావుడు!

ఆ సినిమా చిత్తూరు హాల్లో ఆడింది. మోహన ఆదిమూలంతో వెళ్ళి కూర్చుంది. రెండు వరసల ముందు ఒక తలపాగా కనిపించింది. ఏకాంబరం. పదకొండేళ్ళ తర్వాత కూతురిని చూడటానికి వచ్చాడు. తెర మీద తన మొహం వచ్చింది, నోరు తెరిచింది, ఎవరిదో తేనె పూసిన గొంతు వినిపించింది. ఏకాంబరం లేచి బయటికి నడిచాడు. ఆమె వెనకాలే పరుగెత్తింది.

“మొగం నీదే మే” అన్నాడు ఆయన, తల తిప్పకుండా. “గొంతు యాడ పారేసినావు?”

ఆ మాట పుండు మీద కారంలా ముప్పై ఒక్క ఏళ్ళు మండింది. ఆ తర్వాత ఎన్నో వేసింది. అత్త, నర్సు, బిచ్చగత్తె, జడ్జి, సీరియళ్ళలో పనిమనిషి, సీరియళ్ళలోనే మహారాణి. ప్రతిసారీ “నా మాట నేనే చెప్తా సార్” అని అడిగేది. ప్రతిసారీ ఇంకెవరో చెప్పేవాళ్ళు.

దేవకమ్మ పోయింది. తమ్ముడు ప్రతాప్ తోపు నరికి ప్లాట్లు వేశాడు. తండ్రిని ఎక్కడ పెట్టాలో ప్లానులో లేదు. ఏకాంబరం ఒక ఇనప్పెట్టెతో కూతురి ఇంటికి వచ్చి దిగాడు. ఆమె అన్నం పెట్టింది, మంచం వేసింది. సంజాయిషీ ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. మూడేళ్ళ కిందట నీటికాసుల జబ్బుతో ఆయన రెండు కళ్ళూ పోయాయి.

ఇక అక్కణ్ణుంచి టీవీ ముందు పెద్ద గొడవ. ఆయనకు మొహం కనబడదు, గొంతు ఒక్కటే. సీరియల్లో మోహన వస్తుంది, పక్కింటివాళ్ళు “తాతా, మీ అమ్మాయి!” అంటారు. “యాడ? అది ఎవుత్తో. నా బిడ్డ కాదు” అంటాడు ఏకాంబరం. అందులో అబద్ధం లేదు, అదే ఆమెకు కాలేది. ఆయన ఉండగా ఒక్కసారైనా ఆ డబ్బాలోంచి తన గొంతు వినిపించాలి, “ఇది నా బిడ్డ” అని ఆయన నోటితో అనాలి. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఋత్విక్‌ను తరిమిన సాయంత్రం రసానికి చింతపండు పిసుకుతుంటే ఆమెకు ఆ సంగతి తట్టింది. తండ్రికి కళ్ళు లేవు. మొహం రూపశ్రీదైతే ఆయనకేమి? గొంతు తనదైతే చాలు కదా!

తన మీద తనకే ఒళ్ళు మండింది. అయినా చెయ్యి కడుక్కొని ఫోను తీసింది. “వొస్తాను. కానీ నువ్వు ఆడ నా కండ్ల ముందర నిలబడొద్దు” అంది.

తిరుపతిలోనే, భక్తిపాటలు రికార్డు చేసే ఒక చిన్న గది. మైకు ముందు మోహన, తెర మీద రూపశ్రీ. రూపశ్రీ చెడ్డ నటి అయితే తిట్టుకొని ఊరుకోవచ్చు. బాగానే చేసింది, అందుకు ఇంకా మంట. అసలు చిక్కు వేరేచోట వచ్చింది. ఆ అమ్మాయి మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటుంది.

“అక్కా, ఆమె ఆడ ఊపిరి తీసింది. మీరూ ఆడే తీయాల. లేకపోతే నోటికి అతకదు” అన్నాడు రికార్డింగు చేసే జోయల్.

“అది ఊపిరి తీసే తావా? బుద్ధుండేవాళ్ళు ఎవురన్నా ఆడ తీస్తారా?”

“తీసేసింది గదక్కా. ఇంగ నేనేం జేసేది?”

మోహన పళ్ళు కొరుక్కుంది. నాలుగు రోజులు ఆ అమ్మాయి ఆగిన చోటల్లా ఆగింది. ఐదో రోజు ఇంటికి వచ్చి పడుకుంటే ఛాతీ నొప్పి పుట్టింది.

సిరీస్ వచ్చిన రోజు పొద్దున తండ్రికి ఇడ్లీ పెట్టి, మంచం టీవీ దగ్గరికి లాగింది. తాను డబ్బింగు చెప్పిన సంగతి చెప్పలేదు. తల్లి కలెక్టరాఫీసుకు వెళ్ళే సీను వచ్చింది. తెర మీద రూపశ్రీ నోరు తెరిచింది.

“ఎవుర్నడిగి గీత గీసినావయ్యా నా తోపు మీద? మా నాయన నాటిన చెట్లు, నేను నీళ్ళు మోసి పెంచిన చెట్లు, నీ కాయితంలో లేకపోతే లేనట్టేనా? నోరు తెరిస్తే కుర్చీ సూపిస్తావే, ఆ కుర్చీ ఏ చెట్టుదో నీకు తెలుసునా?”

ఏకాంబరం నిటారుగా లేచి కూర్చున్నాడు. చెవి టీవీ వైపు తిప్పాడు. సీను అయ్యేదాకా కదల్లేదు. మోహన చీర కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.

“గొంతు నీదే మే” అన్నాడు.

ఆమె కళ్ళు నిండాయి.

“ఊపిరి ఎవురిది?”

మోహన నోట్లోంచి కొంగు జారిపోయింది.

“ఎవురి కుండనో మోసినావు నువ్వు. నా తోపులో నేర్చింది ఇది గాదు. ఇది నా బిడ్డ ఆడలేదు” అన్నాడు ముసలాయన, చెయ్యి విదిలించి.

అంతే. నలభై రెండేళ్ళ కోపం కట్ట తెగింది.

“అవును, ఎవుత్తి కుండో మోసినా! నువ్వు ఇంటావనే మోసినా! కండ్లు లేనోడికి మొగంతో పనేముండాదిలే అని సిగ్గిడిసి పొయినా! నేర్పిందీ నువ్వే, బెల్టు తీసిందీ నువ్వే. ఒక్క నాటకానికి వొచ్చినావా? ఒక్కసారి ఇన్నావా? ఊపిరి గురించి అడిగేదానికి నీకు నోరెట్లా వొచ్చింది?”

వాకిట్లో పక్కింటివాళ్ళు చేరారు. ఏకాంబరం తల వంచుకొని అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “ఆ కలెక్టరు ముందర మాటలు. ఇప్పుడు చెప్పు మే. నీ ఊపిరితో.”

చెప్పనని అరవబోయింది. కానీ కాళ్ళు అప్పటికే నిలదొక్కుకున్నాయి. టీవీ ఆపేసింది. గుండెల నిండా గాలి పట్టింది. మొదటి మాట నుంచి కుర్చీ దాకా కుండ ఎక్కడా దించలేదు. వాకిట్లో ఉన్న పూలమ్మే ఆమె గంప చేత్తో పట్టుకొని అట్లే ఉండిపోయింది.

ఏకాంబరం కళ్ళు చెమర్చాయి. రెండు చేతులూ గాలిలో వెతుక్కొని ఒకదానితో ఒకటి కలిపి చప్పట్లు కొట్టాడు. “ఇదీ నా బిడ్డ” అన్నాడు. స్టేజీ కింద కూర్చున్న కుర్రకారులా గొంతెత్తి, “వన్స్ మోర్!” అన్నాడు.

నలభై రెండేళ్ళు ఆ మాట కోసమే బతికింది కదా, కరిగిపోవాలి. కరగలేదు. ఒక్క అడుగు ముందుకు వేసి, ఆయన మంచం ఎదురుగా నిలబడి మళ్ళీ గాలి పట్టింది.

“ఎవుర్నడిగి గీత గీసినావు నాయనా నా గొంతు మీద? నువ్వు నాటిన గొంతు, నేను నీళ్ళు మోసి పెంచుకున్న గొంతు, నీ ఇంట్లో లేకపోతే లేనట్టేనా?”

ఈసారి ఏకాంబరం వన్స్ మోర్ అనలేదు.