మావయ్య కడగని ఉప్పు
మొన్న గుడివాడలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, కాలేజీలో చరిత్ర చెప్పే మా కోడలితో మాటవరసకి, రోమన్లు తమ శత్రునగరం కార్తేజ్‌ను తగలబెట్టి పొలాల్లో ఉప్పు చల్లారటగా అన్నాను. "అది తర్వాతెవరో కల్పించిందండీ అత్తయ్యగారూ. ఆనాటివాళ్ళెవరూ ఉప్పు మాటే రాయలేదు" అంది. పోనీలే అనుకోవలసిందే గానీ, నాకు చేతిలో పని సాగలేదు. అది అబద్ధమైతే మా మావయ్య దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోను?

మా చిన్న మావయ్య అవనిగడ్డ హైస్కూల్లో సోషల్ మాస్టారు. నేను ఆయనింట్లోనే ఉండి చదువుకున్నాను. కార్తేజ్ సేనాని హానిబాల్ ఏనుగుల్ని మంచుకొండలు దాటించడం ఆయన చెబుతుంటే క్లాసులో బెంచీలు కదిలేవి. రోమన్ల ముట్టడిలో కార్తేజ్ ఆడవాళ్ళు, రాళ్ళు రువ్వే యంత్రాలకు తాళ్ళు పేనమని జుట్టు కోసిచ్చిన సంగతి ఇంట్లో కూడా చెప్పేవాడు. "మీ యుద్ధాలకి నా జుట్టు మాత్రం అడక్కండి" అనేది అత్త, వంటింట్లోంచి. ఉప్పు దగ్గరికొచ్చేసరికి ఆయనలోని రైతు లేచేవాడు. "పిచ్చి రోమన్లు! రెండేళ్ళు కాలవ నీళ్ళు నిలగట్టి వదిలేస్తే ఉప్పెక్కడుంటుందర్రా?" అనేవాడు. కృష్ణ కాలవ కింద పుట్టినవాడికి అంతకంటే ఏం తోస్తుంది?

ఉప్పెన వచ్చినప్పుడు అత్త సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింట్లో ఉంది. మనిషి దొరకలేదు. ఆ ఊరి పక్కనే ఉన్న మావయ్య రెండెకరాలూ నీళ్ళు తీశాక ఉప్పు పేరుకుని తెల్లగా తేలాయి. బడి తెరిచాక కార్తేజ్ పాఠం వస్తే, "ఇది మీరే చదువుకోండమ్మా" అని పుస్తకం మూసేశాడు. చుట్టూ రైతులు కాలవ నీళ్ళు పెట్టి చేలు కడుక్కుంటుంటే, ఈయన తూము కూడా తెరవలేదు. ఒకరోజు ఉండబట్టలేక, "కడిగితే పోతుందన్నది మీరే కదా మావయ్యా?" అని అడిగేశాను. ఆయన నావైపు చూడలేదు. "మీ అత్తను తీసుకెళ్ళిన నీళ్ళు నాకు మిగిల్చింది ఇదొక్కటేనే. దీన్ని కూడా కడిగేసుకోమంటావా?" అన్నాడు. ఆ మాట అడిగినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆయన కడక్కపోయినా వానలు ఊరుకోలేదు. నాలుగో ఏడు చేనంతా గడ్డి మొలిచింది. అప్పటికి నేను బందరు కాలేజీలో ఉన్నాను, సెలవులకు వచ్చాను. పొరుగు రైతు సంబరంగా కబురు చెబితే ఇద్దరం వెళ్ళాం. మావయ్య గట్టు మీద కూర్చుని, ఒక పరక పీకి చేతిలో పట్టుకుని, అందరి ముందూ భోరుమన్నాడు. నేల బాగుపడిందిగా, ఇంకా ఏడుపెందుకని నాకప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు నేను ఆయన వయసు ఎప్పుడో దాటేశాను. మానకూడదని మనిషి కోరుకునే గాయాలు కూడా ఉంటాయి. కాలం వాటినీ వదలదు.