మోకాళ్ల మీద మట్టి

మన పోర్టు క్యాంటీన్ గోడకి నేనీ కాగితం అంటించింది, మా అమ్మ సంగతి మీకు చెప్పాలనే. ఉక్కు ఫ్యాక్టరీ కట్టేచోట ఏళ్ల తరబడి మట్టి తట్టలు మోసి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. నిన్న పనికి సెలవు పెట్టి, మద్దిలపాలెం అవతల ప్రకృతి వైద్యశాలకు తీసుకెళ్లాను.

డాక్టరు గారు మోకాళ్లకు తడి బంకమట్టి దట్టంగా పట్టించి గుడ్డ చుట్టించారు. "కదలకుండా పడుకో. ఇకమీదట బరువులెత్తొద్దు, గొంతుక్కూర్చోవద్దు" అన్నారు. మా అమ్మ పగటిపూట పడుకోవడం నేను చూడటం ఇదే మొదటిసారి. బెంచీ మీద నాకూ కునుకు పట్టింది.

కళ్లు తెరిచేసరికి మంచం ఖాళీ. కట్టు జారి మట్టంతా నేలపాలైంది. మా అమ్మ గొంతుక్కూర్చుని గది తుడుస్తోంది.

"ఏటమ్మా ఇది? డాక్టరు గారు ఇప్పుడే గదా సెప్పారు!" అని అరిచాను.

"ఊరుకోరా. ఇన్నేళ్లూ మట్టెత్తినాను. నాను పడేసిన మట్టి ఇంకోలెత్తాలేటి?"

గుమ్మంలో నిలబడ్డ ఆయా నవ్వింది. "బాగా తుడిసినావప్పా. మాకో మనిషి కావాల, పనికి వత్తావేటి?"

వైద్యానికొచ్చిన మనిషికి చీపురిస్తారా అని నేను విరుచుకుపడబోయాను. మా అమ్మ అప్పటికే అడిగేసింది: "నీడపట్టునే గదా పని?"

బస్సులో ఇంటికొచ్చేదాకా అమ్మది ఆ పని మాటే. నాకు తిట్టే ఓపిక కూడా పోయింది. వెళ్లమనాలా, వద్దనాలా? కింద ఖాళీ వదిలాను, రాయండి.