రెండు వందల పన్నెండో పేరు

పోశన్న ఏ ఇంటికి వెళ్లినా ముందు పిల్లల్ని లెక్కపెడతాడు. పెళ్లికి వెళ్లినా అంతే, చావుకు వెళ్లినా అంతే. మంచినీళ్లు తెచ్చిచ్చిన ఇల్లాలి ముఖం గుర్తుండదు కానీ, ఆ ఇంట్లో పసివాళ్లు ఎంతమంది, వాళ్లలో కంటికి కనబడనిది ఎవరు అన్నది నెల తర్వాత అడిగినా చెబుతాడు. బోధన్ పంచాయతీ సమితి ఆఫీసులో తోటి ఉద్యోగులకు ఇదొక తమాషా. "పోశన్నకు కుటుంబ నియంత్రణ డ్యూటీ ఇయ్యాలె" అని నవ్వుకుంటారు. వాళ్లతోపాటు ఆయనా నవ్వుతాడు. తేలు కుట్టిన దొంగ ఇంకేం చేస్తాడు? నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు కదా.

ఈ జబ్బు ఆయనకు 1967లో పట్టుకుంది. అప్పటికి ఇరవయ్యేళ్లవాడు, నిజామాబాద్‌లో బి.ఏ. ఆఖరి సంవత్సరం. పసుపు పండించే కాపు కుటుంబం. ముగ్గురు పిల్లలు వరసగా దక్కకపోతే తల్లి, ఊరి దేవత పోశమ్మకు మొక్కుకుని కన్న కొడుకు. అందుకే ఆ పేరు. కొడుకు సర్కారు కుర్చీలో కూర్చుంటాడని వాళ్ల బాపు పసుపు ఉడికించే కడాయి దగ్గర నిలబడి, విన్నవాడికీ విననివాడికీ చెప్పేవాడు.

ఆ కాలేజీలో ప్రజాసేవా ఫెలోషిప్ అని ఒకటుండేది. కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొని, చెరుకు వేసి నిలదొక్కుకున్న రత్తయ్యగారు తనకు దక్కని చదువు మీద ప్రేమ కొద్దీ దాన్ని పెట్టించాడు. ఏటా ఆరుగురు విద్యార్థుల్ని ఎంచుకుంటారు. వాళ్లు వారంలో సగం రోజులు పాఠాలు వినాలి, సగం రోజులు పల్లెల్లో సమితి ఉద్యోగుల వెంట తిరగాలి. ఏ ఊళ్లో బావి ఎండింది, ఎవరి పిల్లలు బడికి రావడం లేదు, అన్నీ చూసి రాయాలి. ఏడాది చివర ఆరుగురిలో ఒక్కరిని హైదరాబాద్ పంపి సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివిస్తారు. ఆ ఒక్కడూ తానే కావాలని పోశన్న పట్టు.

ఆరుగురినీ నడిపించేది లెక్చరర్ జగన్మోహనరావు. ఆయనదీ కోస్తా కుటుంబమే. చెప్పిందే చెప్పే మనిషి. "ప్రజాసేవంటే ఉపన్యాసం కాదయ్యా. ఆఖరి ఇంటి తలుపు కొట్టడం. మొదటి ఇంటి తలుపు ఎవడైనా కొడతాడు" అనేవాడు. వినీ వినీ కుర్రాళ్లు వెనకాల ఆయన్ని 'ఆఖరిల్లు సారు' అని పిలుచుకునేవాళ్లు. నవ్వుకున్న మాటలే ఎక్కువ కాలం వెంటాడతాయని ఆ వయసులో ఎవరికి తెలుసు?

ఆ ఏడు మసూచి టీకాల పని వచ్చింది. రెంజల్ అవతల ఎర్రకుంట అనే చిన్న ఊరు పోశన్న వంతు. ఇల్లిల్లూ తిరిగి పద్నాలుగేళ్ల లోపు పిల్లల పేర్లన్నీ రిజిస్టరులో ఎక్కించాలి. టీకాల భోజన్న ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని టీకా వేస్తుంటే పేరు ఎదురుగా గుర్తు పెట్టాలి. మొత్తం రెండు వందల పన్నెండు పేర్లు. గడ్డివాముల వెనక దాక్కున్నవాళ్లను బయటికి లాగి, ఏడ్చేవాళ్లకు బెల్లం ముక్క పెట్టి, తిట్టే ముసలమ్మలకు దండం పెట్టి, నాలుగు రోజుల్లో రెండు వందల పదకొండు పూర్తిచేశారు. మిగిలింది సాయవ్వ కూతురు గంగు. ఆరేళ్ల పిల్ల. ఊరి చివరిల్లు.

ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి.

మసూచిని ఆ రోజుల్లో ఎవరూ మసూచి అనేవాళ్లు కాదు. పోశమ్మ తల్లే ఒంటి మీదికి వచ్చినట్టు, అమ్మ పోసింది అనేవాళ్లు. అమ్మ పోసిన ఇంటికి మండలు కడితే పరాయి మనిషి గడప తొక్కడు. అలికిడి కూడా చేయడు. భోజన్న పదడుగుల దూరంలోనే చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"తల్లి ఉన్న ఇల్లు బాపూ. నేను రాను. నా పిల్లలు సల్లగుండాలె."

"మరి డాక్టర్‌కు ఖబర్ పంపాలె గద అన్నా, అమ్మ పోసినట్టయితే?"

"నువ్వే సూసి రా. పోశమ్మ పేరు పెట్టుకున్నోనివి, నిన్నేమనదు."

పోశన్న ముందు తలుపు జోలికి పోలేదు. పక్కసందులోంచి పెరటి వైపు వెళ్లి, మట్టిగోడ మీదుగా తొంగి చూశాడు. గంగు ఇసుర్రాయి పక్కన కూర్చుని ఉంది. చింతగింజలతో ఆడుకుంటోంది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు, జ్వరం లేదు. తలకు నూనె కూడా రాసి ఉంది. గోడ మీద తల కనబడగానే చూసి నవ్వింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది, చప్పుడు చేయొద్దన్నట్టు.

మండలు ఉత్తవని పోశన్నకు అర్థమైంది. టీకాకు భయపడి తల్లి కట్టుకున్న కోట అది. సిటీ పిల్లవాడైతే ఇదంతా తెలియక నేరుగా తలుపు బాదేవాడేమో. తెలిసినవాడు కాబట్టే పోశన్న ఆగిపోయాడు. అమ్మ పేరు మీద అబద్ధం ఆడిందని బయటపడితే ఊళ్లో సాయవ్వ బతుకు బజారుపాలవుతుంది. ఒక ఆడమనిషి పరువు తీయడం దేనికి అనుకున్నాడు. మనసును మించిన వకీలు లేడు, ఏ పక్షం వాదించమంటే ఆ పక్షం వాదిస్తాడు.

వెనక్కి వచ్చి, "అమ్మ గిమ్మ ఏం లేదన్నా, ఏదో మొక్కుకు కట్టుకున్నరు. పిల్ల జబ్బకు పాత టీకా మచ్చ ఉన్నది" అన్నాడు. భోజన్న గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు. రెండు వందల పన్నెండో పేరు ఎదురుగా 'పాత మచ్చ' అని రాసి పోశన్న గుర్తు పెట్టాడు.

మర్నాడు కాలేజీలో రిజిస్టరు చూసి జగన్మోహనరావు కళ్లు చెమర్చాయి. ఒక్క ఇల్లు కూడా వదలని విద్యార్థిని తన సర్వీసులో చూడలేదన్నాడు. రత్తయ్యగారు స్వయంగా పూలదండ వేశాడు. హైదరాబాద్ సీటు పోశన్నకే వచ్చింది.

మూడు వారాలకు చెరుకు కోత గుడిసెల్లో మసూచి లేచింది. సాయవ్వ కూలికి వెళ్లేది అక్కడికే, పిల్లను వెంటేసుకుని. తొమ్మిది రోజులు. గంగు పోయింది.

భోజన్న నిజామాబాద్ వచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు. పోశన్న ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. విచారణకు వచ్చిన డాక్టరు రిజిస్టరు చూసి, పాత టీకా బలం తగ్గి ఉంటుందని రాసుకుని వెళ్లాడు. ఎవరూ పోశన్నను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడినని ఆయన చాలాకాలం అనుకున్నాడు. ఆ తర్వాత అలా అనుకోవడం కూడా మానేశాడు.

పరీక్ష గట్టెక్కాడు, ఉద్యోగం వచ్చింది, రేణుకమ్మతో పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. బయటి నుంచి చూస్తే పచ్చని బతుకు. కానీ గంగు ఎక్కడికీ పోలేదు. అసలు భయం ఏమిటంటే ఆ పిల్ల పెరుగుతోంది. ఈ ఏడు రెండో తరగతి చదివేది అనుకుంటాడు. ఈ ఏడు లంగా ఓణీ వేసేది. నిజామాబాద్ కంఠేశ్వర్ బజారులో ఆ ఈడు పిల్ల ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తే, కొన్న సామాను కొట్టు మీదే మరిచి వచ్చేస్తాడు. దయ్యాలంటే నమ్మకం లేదాయనకు. నమ్మకం ఉంటే ఏ భూతవైద్యుడి దగ్గరికో పోయి వదిలించుకునేవాడు.

ఆఫీసులో ఏ జాబితా రాసినా ఆఖరి గడి ఖాళీగా వదిలేస్తాడు. చెయ్యి సాగదు. దానికి పైనుంచి రెండుసార్లు మెమోలు వచ్చాయి. ఇంట్లో కూతురు ఆటలో చప్పుడు ఆపితే చాలు, పరుగున పెరట్లోకి వస్తాడు. ఒకసారి రేణుకమ్మ అడిగేసింది. "ఏమయ్యింది మీకు? గోడ మీదికెల్లి ఎవల్ని సూస్తున్నరు?" ఎవర్నీ లేదన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె కూడా ఆ గోడ వైపు చూడటం మొదలుపెట్టింది, పాపం.

1975లో కాలేజీ నుంచి పిలుపొచ్చింది. కొత్త ఫెలోషిప్ విద్యార్థుల్ని ఎంపిక చేయాలి, పాత విద్యార్థిగా వచ్చి పక్కన కూర్చోమని. వెళ్లాడు. బల్ల మీద ఆ రిజిస్టరే ఉంది. ప్రతి ఏడూ కొత్తవాళ్లకు నమూనాగా దాన్నే చూపిస్తారట. పోశన్న కుర్చీని బల్లకు దూరంగా జరుపుకున్నాడు.

రాధాబాయి అనే అమ్మాయి వంతు వచ్చింది. రెంజల్ పిల్ల. ఆమె రిజిస్టరును ఆఖరి పేజీ దాకా తిప్పి చూసి, తలెత్తింది.

"సార్, మా దిక్కు టీకాలోళ్లు వస్తున్నరంటే ఆడోళ్లు ఉత్తగనే యాపమండలు గడ్తుండిరి, లోపటికి రాకుండ. మా అవ్వ గుడ కట్టింది. గీ ఊర్ల ఒక్క ఇంటికి గుడ కట్టలేదా?"

జగన్మోహనరావు ముసలి ముఖం వెలిగిపోయింది. "అదేనమ్మా మా పోశన్న గొప్పతనం. ఆఖరి ఇల్లు కూడా వదల్లేదు."

రాధాబాయి ఆయన వైపు కాదు, పోశన్న వైపు చూస్తోంది. ఆ చూపులో తప్పుపట్టడం లేదు, నేర్చుకుందామన్న ఆశ ఉంది. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. ఆ పిల్లను ఎంచుకోమని చీటీ రాసి, తలనొప్పి అని చెప్పి లేచి వచ్చేశాడు. సాయవ్వకు నిజం చెప్పకుండా ఇంకొక్క వారం కూడా బతకలేనని అనిపించింది. చెబితే ఉద్యోగం పోవచ్చు, ఊరివాళ్లు చెట్టుకు కట్టేసి కొట్టవచ్చు. అంతకంటే పెద్ద భయం, సాయవ్వ ముఖం.

మరుసటి ఆదివారం సైకిలు మీద ఎర్రకుంట వెళ్లాడు. సాయవ్వ గుడిసె ముందు కూర్చుని కందులు చెరుగుతోంది. ఒంటరి మనిషి. నలభై కూడా నిండకుండానే జుట్టు తెల్లబడింది. కాళ్లకు చెప్పులు లేక మడమలు పగిలి ఉన్నాయి.

"ఎవలు సారూ?"

"నేను పోశన్న అక్కా. టీకాలప్పుడు పుస్తకం పట్టుకొని తిరిగిన కాలేజీ పిలగాన్ని."

చాట ఆగింది. పోశన్న నిలబడే చెప్పేశాడు. కూర్చుంటే మాట పెగలదని భయం.

"ఆ దినం మీ పెరటి గోడ కాడికి వచ్చిన అక్కా. గంగును సూసిన. మండలు ఉత్తయని నాకు తెల్సింది. తెల్సి గుడ టీకా మచ్చ ఉన్నదని రాసుకొని పోయిన."

ఆమె అరుస్తుందనుకున్నాడు. మన్నెత్తి పోస్తుందనుకున్నాడు. ఆమె చాట పక్కన పెట్టింది.

"నా బిడ్డను సూసినవా? ఏం జేస్తుండె?"

"సింతగింజలు ఆడుకుంటుండె. నన్ను సూసి నవ్వింది. సప్పుడు సెయ్యకని ఏలు పెట్టుకుంది."

"నేనే సెప్పిన, ఎవలొచ్చినా సప్పుడు సెయ్యకు బిడ్డా అని. నా మాట ఇన్నది." సాయవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆగాక నేల వైపు చూస్తూ మాట్లాడింది. "పెద్దపిల్లగానికి ముందటేడు టీకా ఏస్తే సెయ్యి సీము వట్టి సచ్చి బతికిండు. గా భయానికి కట్టిన. అమ్మను ఉత్తగ పిలిస్తివి, పిలిస్తే రాదా అన్నరు ఊరంత. నా మొగడు గుడ గదే మాట అని, కొడుకును తీస్కొని పోయిండు. ఎనిమిదేండ్ల సంది సెప్పులు తొడగలే, మంగళారం మెతుకు ముట్టలే. తల్లీ తప్పయింది, తల్లీ తప్పయింది అని మొక్కుడే."

"నీ తప్పు కాదక్కా. నాది."

"నువ్వొక్క కేక ఏస్తే అయిపోతుండె తమ్మీ. సాయవ్వా, నీ దొంగతనం దొరికింది, తలుపు తియ్యి అంటే తీస్తుంటి. సిగ్గుతోనన్న తీస్తుంటి." ఆమె తలెత్తింది. "ఎందుకు కేకెయ్యలే?"

ఎనిమిదేళ్లుగా దాచుకున్న జవాబులు చాలా ఉన్నాయి పోశన్న దగ్గర. ఆమె పరువు కోసమని, పోశమ్మ మీద భయమని, వయసు చిన్నదని. ఆ ముఖం ముందు ఒక్కటీ నిలబడలేదు. మిగిలింది ఒక్కటే, తనకు తాను కూడా ఎప్పుడూ చెప్పుకోనిది.

"మూడు గంటల బస్సు పోతదని" అన్నాడు.

సాయవ్వ ఆయన్నే చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని పోశన్న కోరుకున్నాడు.

"దొరికిందా బస్సు?" అని అడిగింది.

"దొరికింది" అన్నాడు.