అక్క చెయ్యి అడ్డం రాకముందు

ఆదివారం, మధ్యాహ్నం, హిందూపురం ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, సెలవులకు వచ్చిన మా మనవరాలు.

యాభై ఏళ్లకు పైగా నా డైరీలో ప్రతి పేజీ ఇట్లాగే మొదలవుతోంది. పెనుకొండ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, పంచనామా రాసేటప్పుడు ముందు రోజు, చోటు, హాజరైనవాళ్ల వివరం రాసి ఆ తర్వాతే జరిగింది రాయాలని మా పై అధికారి నేర్పాడు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ పద్ధతి నన్ను విడిచిపోలేదు.

ఈ రోజు పేజీలో నిజానికి రాయవలసినంత పెద్ద సంగతి లేదు. మా ఇంటావిడ ఉగ్గాని తింటుంటే మనవరాలు సెల్‌ఫోనుతో ఫోటో తీసింది, సరిగ్గా అప్పుడే ఆవిడ కళ్లు మూసుకుంది. అయ్యో పాడైపోయిందే అన్నాను నేను. మనవరాలు నవ్వి, తెర మీద వేలు కొంచెం వెనక్కి జరిపింది. కళ్లు తెరిచి ఉన్న క్షణం మళ్లీ వచ్చింది. నొక్కక ముందు జరిగింది కూడా ఇది పట్టుకుంటుందట.

"మనం తీసేసింది గూడా నెల దినాలు యాడికీ పోదు తాతా, బుట్టలో ఉంటాది. కావల్లంటే మళ్లీ తెచ్చుకోవచ్చు."

ఆ పిల్ల మామూలుగానే చెప్పింది. నేను లేచి లోపలికి పోయి, బీరువాలో నుంచి రిటైరైన ఏటి డైరీ తీసుకుని, చాలాసేపు దాన్ని తెరవకుండానే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, అక్కకు పన్నెండు. ఆ రోజు నుంచి నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. ఒకసారి మా అవ్వతో కలిసి పెనుకొండలో చుట్టాలింటికి పోయినప్పుడు అందరం కొండ ఎక్కుతుంటే, దింపొద్దని మారాం చేసి నేను తల వెనక్కి విసిరాను. తల పోయి అక్క నోటికి తగిలింది. ముందుపన్ను సగానికి విరిగింది. నా తలకూ గాయమైంది గానీ ఆ మచ్చ వెంట్రుకల్లో దాగిపోయింది. అక్కది మాత్రం నోరు తెరిచిన ప్రతిసారీ బయటపడేది. పెళ్లిచూపులకు వచ్చిన ఒకామె పన్ను చూసి మొహం తిప్పుకున్నప్పటి నుంచి అక్క నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. నవ్వు ముందు వచ్చేది, దాని వెంటనే చెయ్యి. ఆ రెండింటి మధ్య ఉండేది అర సెకను. ఆ అర సెకనులో మా అక్క ఎంత అందంగా ఉండేదో చూసినవాళ్లం నేను, ఆమెను కట్టుకున్న మా బావ, ఇద్దరమే.

ఉద్యోగంలో కుదురుకున్నాక నేను ఒక ఫిల్ము కెమెరా కొన్నాను. మన కాలంవాళ్లకు తెలియంది కాదు, రీలుకు ముప్పై ఆరు బొమ్మలు వచ్చేవి, ఒక్కటి వృథా అయినా ప్రాణం ఉసూరుమనేది. ఎవరూ నవ్వు మీద రీలు పోగొట్టుకునేవాళ్లు కాదు. అందరినీ నిలబెట్టి, బిగించి, ఊపిరి పట్టమని తీసేవాళ్లం. అందుకే ఆ రోజుల ఫోటోలన్నిటిలోనూ అక్క మూసిన నోటితో, ఎవరో మందలించినట్టు నిలబడి ఉంటుంది. రిటైరయ్యే ఏడు, ఇక రీలు బాధ లేదు కదా, వంద తీస్తే ఒక్కటైనా దొరక్కపోతుందా అని పాత కెమెరా ఇచ్చేసి చిన్న డిజిటల్ కెమెరా తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్క చెయ్యి అడ్డం లేని నవ్వు ఒక్కటి, ఒకే ఒక్కటి కావాలి నాకు.

ఆ కెమెరాలో ఒక లోపం ఉందని వారం తిరక్కుండానే తెలిసింది. మీట నొక్కితే వెంటనే బొమ్మ పడేది కాదు. లోపల ఏదో గుర్రుమని కదిలి, వెలుతురు చూసుకుని, దూరం కొలుచుకుని, ఆ తర్వాత తీరిగ్గా టక్కుమనేది. ఆ తీరిక సుమారు అర సెకను. పెనుకొండ కోట గోడ మీద పావురాన్ని తీస్తే ఖాళీ గోడ వచ్చేది. అక్క నవ్వు తీస్తే అక్క చెయ్యి వచ్చేది. ధర్మవరం పోయిన ప్రతిసారీ ఇరవై ముప్పై తీసేవాణ్ణి; అన్నిటిలోనూ నాలుగు వేళ్లు, ఎర్ర గాజులు, వాటి పైన నవ్వుతున్న రెండు కళ్లు.

హిందూపురంలో ఫోటో స్టూడియో నడిపే స్నేహితుడు ఒక ఉపాయం చెప్పాడు. మీట సగం వరకే నొక్కి పట్టుకోవాలి, కెమెరా తన కొలతలన్నీ ముందే పూర్తి చేసుకుంటుంది, సమయం వచ్చినప్పుడు మిగతా సగం నొక్కితే చాలు. దానితో ఆలస్యం చాలావరకు తగ్గింది గానీ నా కన్ను చూసి వేలికి చెప్పేలోపు అక్క చెయ్యి లేచేది. చివరికి దారి చూపింది మా బావ, మగ్గం మీద కూర్చునే.

"నాడె వచ్చేది చూసి కాలు తొక్కితే పోగు తెగుతాది అబ్బా," అన్నాడు, పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడెను చూపించి. "అది బయల్దేరక ముందే కాలికి తెలిసుండల్ల."

ఆ మాట నాకు అక్షరాలా పనికొచ్చింది. నవ్వును చూడటం మానేసి, నవ్వుకు ముందు ఏం జరుగుతుందో గమనించడం మొదలుపెట్టాను. నవ్వబోయే ముందు అక్క ఎడమ భుజం కాస్త పైకి లేస్తుంది. ఆమెతో దాదాపు అరవై ఏళ్లు గడిపినా అంతకుముందు నాకు ఆ సంగతి తెలియదు. ఆ ఏడాది నాలుగు చోట్ల రాసుకున్నాను: భుజం లేవగానే నొక్కాలి.

ఇప్పుడు ఆ డైరీ పేజీ. ఆదివారం, కార్తీకం, ధర్మవరం. ఉన్నవారు: అక్క, బావ, మా మేనకోడలు, నేను.

ఆ రోజు బావ తన మగ్గం మీద కడపటి చీర కోశాడు. మరమగ్గాల ముందు నిలవలేక, మోకాళ్లు కూడా సహకరించక, మర్నాడు మగ్గం విప్పేయాలని నిర్ణయించుకున్నాడు. చీరకు పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, కత్తెర పక్కన పెట్టాడు. తర్వాత మగ్గం కింద కాళ్లు దించుకునే గుంతలో కూర్చునే తల పైకెత్తాడు.

"ఏమబ్బా, నలభై ఏండ్లు ఈ గుంతలో కాళ్లు పెట్టుకోని కూచుంటిని. రేపట్నించి యాడ పెట్టుకోవల్లనో మీ అక్కను అడుగు."

"ఇన్నాళ్లూ పెట్టుకోలేదా నా నెత్తిన," అంది అక్క, "ఈడనే పెట్టుకో."

ఆ మాట పూర్తికాక ముందే భుజం లేచింది. నేను నొక్కాను.

పడింది. విరిగిన పన్నుతో సహా నిండుగా, గొంతు కూడా వినబడుతుందా అన్నట్టు నవ్వుతోంది అక్క. చెయ్యి ఇంకా ఒళ్లోనే ఉంది, వేళ్లు మాత్రం కదలబోతున్నాయి. పన్నెండేళ్ల పిల్ల కొండ మెట్ల మీద నన్ను మోసినప్పుడు, ఇంకా నా తల తగలక ముందు, బహుశా ఇట్లాగే నవ్వుతూ ఉండి ఉంటుంది. నేను ఆనందం పట్టలేక తెర తిప్పి ఆమెకు చూపించాను.

"ఏమ్మా, చిన్నపిల్ల మాదిరి ఉండావే," అని మేనకోడలు నవ్వింది. ఆ పిల్ల మెచ్చుకునే అంది. అక్కకు మాత్రం ఎగతాళిలా తోచింది కాబోలు, మొహం వాడిపోయింది.

"బొక్కిపన్నేసుకోని అందరికీ చూపీనా? తీసెయ్యప్పా అది. నా ఎదురుగానే తీసెయ్."

అక్క మాటకు నేను ఎన్నడూ ఎదురు చెప్పినవాణ్ణి కాను. తీసేశానని అబద్ధమాడి దాచుకోవచ్చని తోచనైనా లేదు, పంచనామా మనిషిని. మీట నొక్కాను, నిజంగా తీసేయమంటారా అని కెమెరా అడిగింది, అవునన్నాను, ఖాళీ తెర అక్కకు చూపించాను. ఆమె తృప్తిగా తల ఊపి వంటింట్లోకి పోయింది. ఆ సాయంత్రమంతా విప్పబోయే మగ్గాన్ని అన్ని పక్కల నుంచీ తీస్తూ కార్డు నింపేశాను. తీసేసిన బొమ్మ కొంతకాలం అందులోనే ఉంటుందనీ, దాని మీద వేరేవి పడకుంటే తెచ్చుకోవచ్చుననీ తెలిసింది చాలా ఆలస్యంగా. అప్పటికి అక్క లేదు. ఆ తర్వాత వచ్చిన వేసవి ఆమె దాటలేదు.

ఇప్పటి పిల్లల అదృష్టం ఎంత పెద్దదో వాళ్లకు తెలియదు. వాళ్ల చేతిలోని వస్తువు వాళ్లకంటే ముందే చూసి పెట్టుకుంటుంది, వద్దని పారేసినదాన్ని నెల రోజులు కాపాడుతుంది, ఈలోగా వాళ్ల మనసు మారినా ఇబ్బంది లేదు. మా కాలంలో అట్లాంటి నెల రోజులు మాకెవరూ ఇవ్వలేదు. మా అక్క మనసు మారడానికి ఒక్క రాత్రి చాలింది, ఆ ఒక్క రాత్రి కూడా మాకు లేకపోయింది.

చీర కోసిన మర్నాడు పొద్దున నేను బస్సుకు బయలుదేరుతుంటే అక్క తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని బయటి అరుగు మీదికి వచ్చింది. లోపల బావ మగ్గం చీలలు కొట్టి ఊడదీస్తున్న చప్పుడు.

"నిన్న తీసింది చూపియ్యప్పా ఒగసారి. నన్ను చూసేకి వచ్చిన దినం అట్లే ఉన్నింటినంట, మీ బావ చెప్పినాడు."

తీసేశాను కదా అక్కా అన్నాను.

"పోతే పోనీలే. ఇంగొకటి తియ్యి. చెయ్యి అడ్డం పెట్టుకోను."

అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది, లేవకుండా. నేను మీట సగం నొక్కి పట్టుకున్నాను. ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు. నేను ఆమె ఎడమ భుజం వైపే చూస్తూ నిలబడ్డాను. లోపల ఒక దూలం కింద పడిన చప్పుడైంది. అక్క అటు తిరిగి, మళ్లీ నా వైపు చూసి, బస్సు పోతాది, తియ్యప్పా అంది.

ఆ రోజు డైరీలో రెండే పంక్తులు ఉన్నాయి.

సోమవారం, ఉదయం, ధర్మవరం. ఉన్నవారు: అక్క, నేను.
ఫోటో ఒకటి. చెయ్యి అడ్డం లేదు.